పాయింట్లున్న భాగహారం: ముందు అంచనా, తర్వాత లెక్క

శ్రోతలందరికీ నమస్కారం. కిరాణా కొట్లో సన్‌ఫ్లవర్ నూనె ప్యాకెట్లు రెండు రకాలు పక్కపక్కనే ఉంటాయి, చూడటానికి రెండూ ఒకే సైజు. ఒకటి లీటరుది, బరువులో 910 గ్రాములు, ధర 145 రూపాయలనుకోండి. రెండోది 850 గ్రాములది, ధర 138. ఏడు రూపాయలు తక్కువ కదా అని చెయ్యి రెండోదాని మీదకే పోతుంది. నిజంగా ఏది చవకో తెలియాలంటే కిలో లెక్కకి తేవాలి, అంటే 145ని 0.91తో, 138ని 0.85తో భాగించాలి. ఇక్కడికి వచ్చేసరికి చాలామంది ఫోన్ తీస్తారు, లేదా ఎందుకొచ్చిన గొడవని ఏదో ఒకటి సంచీలో వేసుకుంటారు.

నోటి లెక్కతోనే తేలిపోతుందండీ. రెండు ప్యాకెట్లకీ తేడా 60 గ్రాములు, 7 రూపాయలు. నూనె కిలో సుమారు 160 అయితే వంద గ్రాములు 16, అరవై గ్రాములు తొమ్మిదిన్నర. తొమ్మిదిన్నర రూపాయల నూనె తగ్గించి ధరలో మాత్రం ఏడే తగ్గించారు కాబట్టి పెద్ద ప్యాకెట్టే లాభం. కచ్చితంగా చేసి చూస్తే మొదటిది కిలో 159 రూపాయల 34 పైసలు, రెండోది 162 రూపాయల 35 పైసలు. ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ దగ్గరే గ్రాముకి ఎంత పడుతుందో కూడా ఇప్పుడు ముద్రిస్తున్నారు, అలా వెయ్యాలని నిబంధన ఉంది, మంచి నిబంధనే. కానీ దాన్ని రెండు దశాంశ స్థానాలకి సవరించి వేస్తారు, అందుకని మన రెండు ప్యాకెట్ల మీదా గ్రాముకి 0.16 అనే కనబడుతుంది. కిలోకి మూడు రూపాయల తేడా ఆ మూడో స్థానంలోనే పోయింది.

పాయింట్లున్న భాగహారం అనగానే పిల్లలకే కాదు, పెద్దలకీ టెన్షన్. ఆ టెన్షన్ పోవాలంటే భాగించే ముందే జవాబు ఎంతలో ఉంటుందో ఒక మాట అనుకోవాలని నా గట్టి నమ్మకం. బడిలో ముందు లెక్క చేయించి, టైముంటే అంచనా వేయిస్తారు. నన్నడిగితే అది తిరగబడాలి.

ఇంట్లో 25 కిలోల బియ్యం బస్తా ఉంది, రోజుకి 800 గ్రాములు వండుతారు, ఎన్ని రోజులు వస్తుంది? 25ని 0.8తో భాగించాలి. రోజుకి కిలో వండితే 25 రోజులు వచ్చేది, మనం వండేది అంతకంటే తక్కువ, కాబట్టి జవాబు 25 కంటే ఎక్కువే ఉండి తీరాలి. భాగిస్తే సంఖ్య పెరగడమేమిటని పిల్లలు ఆశ్చర్యపోతారు, ఎందుకంటే వాళ్లకి మొదట నేర్పిన భాగహారంలో ఎప్పుడూ తగ్గడమే చూశారు. ఒకటి కంటే చిన్న సంఖ్యతో భాగిస్తే పెరుగుతుంది, దాన్ని వంటింట్లో బియ్యం డబ్బా దగ్గర నిలబెట్టి చెబితే ఒక్కసారికే ఎక్కుతుంది. ఇక పాయింటు ఎలా తీసెయ్యాలి? బియ్యాన్ని వంద గ్రాముల పొట్లాలుగా ఊహించుకోండి. బస్తాలో 250 పొట్లాలు, రోజుకి 8 పొట్లాలు. 250ని 8తో భాగిస్తే 31.25. రెండు సంఖ్యల్నీ పదితో హెచ్చించి పాయింటు జరపమని పుస్తకంలో రాసేది ఇదే, రెండింటినీ ఒకే కొలతలోకి తెచ్చాం, బియ్యం పెరగలేదు, వంటా పెరగలేదు. ఎవరైనా తొందరలో 3.125 అని రాశారనుకోండి, బస్తా మూడు రోజుల్లో అయిపోదని వాళ్లకే తెలుసు కదా, దిద్దడానికి మాస్టారు అక్కర్లేదు.

బండి మైలేజీ కూడా అంతే. ఒకసారి ట్యాంకు నిండా కొట్టించి మీటరు రీడింగు రాసుకుంటారు, మళ్లీ నింపినప్పుడు 4.5 లీటర్లు పట్టింది, ఈలోగా బండి 212.4 కిలోమీటర్లు తిరిగింది. నాలుగు లీటర్లయితే 53, అయిదయితే 42, మన జవాబు ఆ రెంటి మధ్యలో ఉండాలి. చివర అర ఉంది కాబట్టి రెండింటినీ రెట్టింపు చేస్తే చాలు: 424.8ని 9తో భాగించాలి, తొమ్మిదో ఎక్కం వస్తే 47.2 అని నడుస్తూనే చెప్పొచ్చు. పావు ఉంటే నాలుగింతలు చెయ్యండి, 0.25తో భాగించడమంటే నాలుగుతో గుణించడమే. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు రాకముందు రూపాయికి పదహారు అణాలు, అరవై నాలుగు పైసలు. పావు, అర, ముప్పావులతో పెరిగిన ఆ తరానికి ఈ కిటుకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది.

అంచనా ఎటువైపు తప్పుతుందో తెలుసుకోవడం ఇంకా ముఖ్యం. ఒక స్థలం 200 గజాలు, అది ఎన్ని సెంట్లు? సెంటుకి 48.4 గజాలు. 48.4 బదులు 50 అనుకుంటే 4 సెంట్లు వచ్చింది. మనం అసలు కంటే పెద్ద సంఖ్యతో భాగించాం, కాబట్టి నిజమైన జవాబు 4 కంటే కొంచెం ఎక్కువ ఉండాలి, చేసి చూస్తే దాదాపు 4.13. మాటల్లో నాలుగు సెంట్లు అనుకోవడానికి ఇబ్బంది లేదు. కానీ బేరం నాలుగు సెంట్ల లెక్కన కుదిరితే? నాలుగు సెంట్లంటే 193.6 గజాలే, 6.4 గజాలు గాల్లో కలిసిపోయాయి. గజం 20 వేలున్న చోట అది లక్షా 28 వేల రూపాయలు. అందుకే దస్తావేజు రాసేటప్పుడు ఉజ్జాయింపు పనికిరాదు, రాసిన సంఖ్య సరైనదో కాదో పట్టుకోవడానికి మాత్రం అదే పనికొస్తుంది.

భూమి మాట వచ్చింది కాబట్టి ఇంకాస్త చెప్పాలి. తెలంగాణలో ఒక పాసుపుస్తకంలో విస్తీర్ణం 2.20 అని ఉందనుకోండి, అది రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి నలభై గుంటలు, అంటే అది రెండున్నర ఎకరాలు. ఆంధ్రప్రదేశ్‌లో అదే 2.20 అంటే రెండెకరాల ఇరవై సెంట్లు, ఎకరానికి వంద సెంట్లు. నలుగురు అన్నదమ్ములు పంచుకుంటున్నారు, ఎవరో ఫోన్‌లో 2.20ని 4తో భాగించి 0.55 అన్నారు. ఆంధ్రలో అది సరైన జవాబే, మనిషికి 55 సెంట్లు. తెలంగాణలో 55 గుంటలంటే ఎకరం దాటిపోయింది, నలుగురికీ కలిపి అయిదున్నర ఎకరాలు కావాలి, ఉన్నది రెండున్నరే! అక్కడ ముందు అంతా గుంటల్లోకి మార్చాలి, వంద గుంటలు, నలుగురు, మనిషికి 25 గుంటలు. ఒకే అంకెలు, ఒకే పాయింటు, కానీ ఒకచోట అది దశాంశ బిందువు, ఇంకోచోట ఎకరాల్నీ గుంటల్నీ విడదీసే చుక్క మాత్రమే. ఫోన్‌కి ఆ సంగతి తెలియదు.

క్రికెట్ చూసేవాళ్లకి ఇది కొత్తేం కాదు. స్కోరు బోర్డు మీద 15.3 ఓవర్లు అంటే పదిహేను ఓవర్ల మూడు బంతులు, ఓవరుకి ఆరు బంతులు కాబట్టి అది పదిహేనున్నర. 124 పరుగులు చేశారనుకోండి, 124ని 15.5తో భాగిస్తే రన్‌రేట్ సరిగ్గా 8. ఉన్నదున్నట్టు 15.3తో భాగిస్తే 8.1 వస్తుంది.

జవాబు వచ్చాక దాన్నేం చెయ్యాలన్నది సందర్భాన్ని బట్టి ఉంటుంది. జాకెట్టుకి 0.8 మీటరు పడుతుంది, గుడ్డ 5.5 మీటర్లుంది, భాగఫలం 6.875. దాదాపు ఏడే కదా అని ఏడో జాకెట్టు కుట్టలేం, ఆరే. పెళ్లిలో 300 మందికి మనిషికి లీటరున్నర చొప్పున నీళ్లు కావాలి, 20 లీటర్ల టిన్నులు ఎన్ని? ఇరవై రెండున్నర వచ్చింది, తెప్పించాల్సింది ఇరవై మూడు, ఎండాకాలమైతే ఇంకో రెండు ఎక్కువే చెప్పండి.

అన్నిటికంటే జాగ్రత్త కావలసింది పిల్లల మందుల దగ్గర. జ్వరానికి వాడే పారాసెటమాల్ సిరప్ ఒకే మందైనా రకరకాల బలాల్లో వస్తుంది. 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములుండే సీసా ఒకటి, అదే 5 మిల్లీలీటర్లలో 250 ఉండేది ఇంకొకటి, చంటిపిల్లల చుక్కల మందులో అయితే ఒక్క మిల్లీలీటరులోనే 100. డాక్టరు గారు ఒక పాపకి 150 మిల్లీగ్రాములని చెప్పారనుకుందాం. మొదటి సీసాలో మిల్లీలీటరుకి 25, కాబట్టి 6 మిల్లీలీటర్లు. రెండోదాంట్లో 3. చుక్కల మందులో 1.5. పాత సీసా అయిపోయి 250 ఉండేది తెచ్చి, అలవాటుగా ఆరే పోస్తే రెట్టింపు మందు లోపలికి పోయినట్టు. 1.5లో చుక్క కనబడక 15 అని చదివితే పదింతలు. ఆస్పత్రుల్లో అర మిల్లీలీటరుని ఉట్టి చుక్క, అయిదు అని రాయకుండా ముందు సున్నా పెట్టి 0.5 అనే రాయాలని పట్టుబట్టేది కూడా ఇందుకే, చుక్క చెరిగినా సున్నా చూసి ఎవరో ఒకరు ఆగుతారు. ఈ అంకెలు లెక్క చూపించడానికి చెప్పినవి, మీ బిడ్డకి ఎంత మందన్నది బరువు చూసి డాక్టరే చెప్పాలి. సీసా మారినప్పుడల్లా లేబుల్ మీద ఎన్ని మిల్లీలీటర్లకి ఎన్ని మిల్లీగ్రాములో చదవండి, బలం వేరుగా ఉంటే ఇప్పుడు ఎంత పొయ్యాలో డాక్టర్నో ఫార్మసిస్టునో అడగండి, వంటింటి చెంచా పక్కన పెట్టి సీసాతో వచ్చిన కొలత మూతతోనే పొయ్యండి. సెలవు, నమస్కారం.