వేలంపాటలో ఆ రెండో చెయ్యి ఎవరిది?

(తెర మీద ప్రెజెంటర్)

“ఇరవై మంది పోటీపడి పాడిన వస్తువు నకిలీది ఎలా అవుతుంది? ధర అంత పెరిగిందంటే అందులో ఏదో ఉండే ఉంటుంది కదా!” ఆన్‌లైన్ వేలంలో డబ్బు పోగొట్టుకున్నవారు తరచుగా అనే మాట ఇది. విన్న ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది, వారిని ముంచినది సరిగ్గా ఆ నమ్మకమే కాబట్టి. వేలం మోసం అనగానే డబ్బు కట్టిన తరువాత వస్తువు రాకపోవడమో, వచ్చిన పెట్టెలో రాయి ఉండటమో మన మనసులో మెదులుతుంది. అవీ జరుగుతాయి. కానీ అంతకన్నా ముందే, ధర పెరుగుతున్న సమయంలోనే, మన కళ్లెదుట జరిగిపోయే మోసం ఒకటి ఉంది. ఈ వీడియోలో ఎక్కువ సమయం దానికే కేటాయిస్తాను.

(తెర మీద: 25 సెంట్లు, దాని పక్కన 1,35,805 డాలర్లు)

2000 మే నెలలో ఈబే సైటులో ఒక నైరూప్య చిత్రం వేలానికి వచ్చింది. 25 సెంట్లతో మొదలైన పాట 1,35,805 డాలర్ల దగ్గర ముగిసింది. విచిత్రమేమిటంటే, అమ్మకందారు తన వివరణలో చిత్రకారుడి పేరు ఎక్కడా చెప్పలేదు. పాత సామాన్లతో పాటు ఎప్పుడో కొన్నాననీ, పిల్లవాడు ఆడుకుంటూ దానికి చిల్లు పెట్టాడనీ, భార్య ఇంట్లో పెట్టుకోనివ్వక ఒక మూలన పడి ఉందనీ అమాయకంగా రాశాడు. అయితే ఫొటోను పెద్దది చేసి చూసినవారికి చిత్రం మీద ‘ఆర్‌డి 52’ అనే పొడి అక్షరాలు కనిపించాయి. ఇది అమెరికన్ చిత్రకారుడు రిచర్డ్ డీబెన్‌కార్న్ 1952లో వేసిన చిత్రం కావచ్చునని చూసినవారే ఊహించుకున్నారు.

ఈ ఎత్తుగడను మీరు శ్రద్ధగా గమనించాలి. “ఇది ఫలానావారి చిత్రం” అని అమ్మకందారే చెప్పి ఉంటే, రుజువు చూపమని పదిమంది అడిగేవారు. ఆ సంగతి తానే కనిపెట్టాననుకున్న కొనుగోలుదారు మాత్రం ఏమీ అడగడు. అడిగితే అమ్మకందారుకు అసలు విలువ తెలిసిపోతుందేమోనని భయపడి నోరు మెదపడు. అంటే తనను కాపాడగలిగిన ఒక్క ప్రశ్నను తానే మింగేస్తాడు. నా అభిప్రాయంలో అబద్ధపు వివరణ కంటే ఇది ఎన్నో రెట్లు ప్రమాదకరమైనది.

అమ్మకందారే మరో ఖాతాతో తన వస్తువు మీద పాట పాడినట్లు బయటపడటంతో ఈబే ఆ అమ్మకాన్ని రద్దు చేసింది. ఆయనా, ఆయన సహచరులూ 40కి పైగా ఖాతాల పేర్లతో ఒకరి వస్తువుల మీద మరొకరు పాడుకున్నారని 2001లో అభియోగాలు నమోదయ్యాయి. ఆయన నేరం అంగీకరించాడు. ఆ పొడి అక్షరాలు కూడా తానే వేశానని తరువాత ఒప్పుకున్నాడు.

(తెర మీద: చీకటి హాలు, పైకి లేచిన చేతులు మాత్రమే కనిపిస్తాయి)

వేలం హాలులో కూర్చున్నప్పుడు మనకు చేతులతో పాటు ముఖాలు కూడా కనిపిస్తాయి. ఆన్‌లైన్‌లో ముఖాలు ఉండవు. లేచిన చేతులు మాత్రమే ఉంటాయి. ఆ చిత్రం కోసం లేచిన చేతులలో కొన్ని అమ్మినవారివే. ఇలా ధర పెంచడానికి అమ్మకందారు తరఫున పాడే పాటను ఈ వీడియోలో దొంగపాట అందాము. మిగిలినవారు ఆ చేతులను చూసి, “వీరందరికీ తెలిసిన విషయమే నాకూ తెలిసింది” అనుకుని తమ చేతులు ఎత్తారు. ఆలోచన లేకుండా ఎగబడటాన్ని మన భాషలో వేలంవెర్రి అంటాము. ఇంత కచ్చితమైన మాటను మన పెద్దలు ఎప్పుడో ఇచ్చారు.

ఇప్పుడు దొంగపాట మన జేబులోకి ఎలా చేరుతుందో చూద్దాము. చాలా సైట్లలో మనం ఇవ్వగలిగిన గరిష్ఠ మొత్తాన్ని ముందే నమోదు చేస్తాము. ఎదుటివారు పెంచినప్పుడల్లా సైటు మన తరఫున వారికంటే కొద్దిగా ఎక్కువ పాడుతుంది. కాబట్టి మనం చెల్లించేది మన గరిష్ఠ మొత్తం కాదు, మన తరువాత నిలిచినవారి పాటకు కాస్త పైన ఉండే ధర. విలియం విక్రీ అనే ఆర్థికవేత్త 1961లోనే దీనికి దగ్గరి పద్ధతిని విశ్లేషించి, ధరను రెండో పాట నిర్ణయించే వేలంలో మన మనసులోని విలువను ఉన్నది ఉన్నట్లు చెప్పడమే మేలని చూపించాడు. ఆయనకు 1996లో నోబెల్ బహుమతి లభించింది. ఆ వాదన అక్షరాలా నిజం, రెండో చెయ్యి నిజమైనదైతే. ఆ చెయ్యి అమ్మకందారుదే అయినప్పుడు మీ నిజాయితీయే అతనికి ఆదాయ మార్గమవుతుంది.

(తెర మీద: 120, 200, 350, 510, వెనక్కి, 490)

మీరు గరిష్ఠంగా 500 నమోదు చేశారనుకోండి. ధర ప్రస్తుతం 120 దగ్గర ఉంది. దొంగచెయ్యి 200 పాడుతుంది, సైటు మీ తరఫున దాన్ని దాటుతుంది. 350 పాడుతుంది, మళ్లీ దాటుతుంది. 510 పాడినప్పుడు మాత్రం మీరు వెనకబడతారు. మీ హద్దు 500 అని అతనికి అప్పుడు తెలుస్తుంది. అంకె పొరపాటున నమోదైందని చెప్పి అతను ఆ పాటను వెనక్కి తీసుకుని, 490 పాడి ఆగిపోతాడు. వస్తువు మీకే వస్తుంది, మీ జేబులోని చివరి నాణెం దాకా తీసుకుని. “నేను అనుకున్న హద్దు దాటలేదు కదా” అని మీరు సంతృప్తి పడతారు కూడా.

అందుచేత పాటల చరిత్ర పేజీని తెరిచి చూడటం తప్పనిసరి అలవాటు కావాలి. ఒకే ఖాతా ఎప్పుడూ అదే అమ్మకందారు వస్తువుల మీద పాడుతూ, ఎప్పుడూ గెలవకుండా, ముగింపు సమయానికి ముందే తప్పుకుంటూ ఉంటే అనుమానించాలి. పాటలను వెనక్కి తీసుకున్న గుర్తులు ఉంటే మరింత అనుమానించాలి. వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు, కానీ రెండు మూడు కలిసి కనిపించిన చోట పాడవలసిన అవసరం మీకు లేదు. అటువంటి వస్తువులు ఇంతకుముందు ఎంతకు అమ్ముడుపోయాయో చూసి మీ హద్దును కాగితం మీద రాసుకుని, చివరి క్షణాలలో ఒక్కసారే పాడండి. దీనిని అన్యాయమనేవారు ఉన్నారు. నేను ఒప్పుకోను, మీ హద్దును తడిమి చూసే సమయం దొంగచేతికి దొరకకుండా చేయడంలో అన్యాయమేమీ లేదు.

ఒక్కొక్కసారి దొంగచెయ్యి పొరపాటున గెలిచేస్తుంది. అప్పుడు, “గెలిచినవారు తప్పుకున్నారు, మీ పాట ధరకే మీకు ఇస్తాము” అని ఓడిపోయినవారికి కబురు వస్తుంది. ఆ సదుపాయం సైట్లలో నిజంగానే ఉంటుంది. కానీ ఆ ధరను కూడా దొంగచెయ్యే పెంచి ఉండవచ్చు. అదే కబురు సైటు లోపల కాక, ఈమెయిలులో వేరే లింకుతో వచ్చిందంటే దాదాపుగా అది మూడో మనిషి పన్నిన వల.

(తెర మీద: గడియారం)

సమయం తక్కువగా ఉన్నందున మిగిలినవి త్వరగా చెబుతాను. అమ్మకందారు సూచించిన మధ్యవర్తి సైటులో డబ్బు ఉంచవద్దు, అది అతనిదే కావచ్చు. గిఫ్ట్ కార్డు నంబర్లు, నేరుగా బదిలీ అడిగితే ఆపేయండి. కార్డుతో కడితే బ్యాంకు ద్వారా ప్రశ్నించే వీలు ఉంటుంది. మంచి రేటింగును చూసినప్పుడు అది ఏ వస్తువులకు వచ్చిందో కూడా చూడండి. చిన్న చిన్న వస్తువులు అమ్మిన ఖాతా ఒక్కసారిగా ఖరీదైన కెమెరాలు అమ్ముతుంటే, ఆ ఖాతా చేతులు మారి ఉండవచ్చు. వివరణను చివరి పంక్తి వరకు చదవండి, “ఖాళీ పెట్టె మాత్రమే” అనే మాట అక్కడే దాక్కుంటుంది. పార్సిలు తెరిచేటప్పుడు చిరునామా కాగితం కనిపించేలా వీడియో తీయండి. వస్తువు రాకపోతే గడువు లోపల సైటులోనే ఫిర్యాదు చేయండి. “డబ్బు వెంటనే పంపిస్తాను, ముందు ఫిర్యాదు మూసేయండి” అని అమ్మకందారు బతిమాలినా, డబ్బు మీ ఖాతాలో పడేంత వరకు మూయకండి. ఒకసారి మూసిన ఫిర్యాదును చాలా సైట్లు మళ్లీ తెరవనివ్వవు.