ఆగిన థ్రెడ్‌లో విలువ ఎలా మారింది?

నమస్కారం. రాయగడ నుంచి మాట్లాడుతున్నాను.

డీబగ్గర్‌లో, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌ని ఆపి లోపల చూసే సాధనంలో, ఒక థ్రెడ్‌ని (ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కన నడిచే పనుల్లో ఒకదాన్ని) ఆపారనుకోండి. అది కదలడం లేదు. దాని లోకల్ వేరియబుల్‌ని ప్రింట్ చేస్తే 0 వచ్చింది. ఏమీ ముట్టుకోకుండా మళ్ళీ అదే ప్రింట్ కొడితే 17 వచ్చింది. పోయిన నెల గుణుపురంలో ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు ఇదే పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. మూడు రోజులుగా టెన్షన్ పడుతున్నాడు. "మావయ్యా, జీడీబీ అబద్ధం చెబుతోంది. స్టాక్‌ని క్యాష్ చేస్తుందట కదా, పాత విలువ చూపిస్తోంది" అన్నాడు.

జీడీబీ అంటే వాడు వాడే డీబగ్గర్. స్టాక్ అంటే ఫంక్షన్లు తమ లోకల్ వేరియబుల్స్ పెట్టుకునే మెమరీ, ప్రతి థ్రెడ్‌కీ విడిగా ఉంటుంది. వాడి అనుమానం తీసిపారేసేది కాదు. జీడీబీ నిజంగానే మెమరీని క్యాష్ చేస్తుంది. క్యాష్ అంటే ఇక్కడ డబ్బు కాదు, దగ్గర దాచుకున్న నకలు. ప్రాసెసర్‌లో ఉండే క్యాష్ కూడా కాదు, డీబగ్గర్ తన కోసం తాను పెట్టుకునేది.

అసలు ఎందుకు దాచుకోవాలి? మావాడి ప్రోగ్రామ్ నడిచేది విశాఖలో వాడి స్నేహితుడి గదిలో ఉన్న చిన్న లైనక్స్ బోర్డు మీద. అక్కడ జీడీబీ సర్వర్, ఇక్కడ లాప్‌టాప్‌లో జీడీబీ, మధ్యలో మొబైల్ నెట్. మా కొండల మధ్య సిగ్నల్ సంగతి మీకు తెలుసు. మెమరీలో ఏది కావాలన్నా ఇక్కడి నుంచి ఒక ప్యాకెట్ వెళ్ళాలి, అక్కడి నుంచి జవాబు రావాలి. ఒక్క బ్యాక్‌ట్రేస్ (ఏ ఫంక్షన్‌ని ఏది పిలిచిందో చూపే జాబితా) కొడితే ప్రతి ఫ్రేమ్‌కీ, అంటే ఆ జాబితాలో ప్రతి ఫంక్షన్‌కీ, రిటర్న్ అడ్రస్ చదవాలి, దాచిన రిజిస్టర్లు చదవాలి. ఒక్కో రాకపోకకు 100 మిల్లీసెకన్లు, మొత్తం 60 సార్లు చదవాలి అనుకుందాం. 6 సెకన్లు అయిపోయాయి. అందుకని జీడీబీ 8 బైట్లు కావాల్సినచోట ఒకేసారి 64 బైట్ల ముక్క తెచ్చి పెట్టుకుంటుంది. మామూలుగా అలాంటి ముక్కలు 4096 వరకు ఉంచుకుంటుంది. అంటే 256 కిలోబైట్లు. పక్కపక్కన ఉన్నవి మళ్ళీ అడగాల్సిన పని ఉండదు.

ప్రోగ్రామ్ మొత్తం ఆగి ఉంటే ఇందులో గొడవే లేదు. రాసేవాడు లేనప్పుడు నకలు పాడవదు. కదిలించగానే పాత నకళ్ళు పారేస్తే చాలు.

చిక్కంతా నాన్‌స్టాప్ మోడ్‌లో వస్తుంది. 2009లో వచ్చిన జీడీబీ 7.0 నుంచి ఇది ఉంది. ఒక థ్రెడ్ బ్రేక్‌పాయింట్ దగ్గర, అంటే మనం ఆగమని గుర్తు పెట్టిన చోట, ఆగుతుంది, మిగతావి పరిగెడుతూనే ఉంటాయి. అవి మెమరీలో ఏం రాస్తున్నాయో డీబగ్గర్‌కి ఎవరూ చెప్పరు. ప్రాసెసర్ లోపల అలా కాదు. ఒక కోర్ రాస్తే మిగతా కోర్ల దగ్గరున్న నకలు చెల్లదని హార్డ్‌వేరే చూసుకుంటుంది. డీబగ్గర్ బయటి మనిషి, దానికి ఆ కబురు అందదు.

మా నాన్న కొట్టు గుర్తొస్తుంది నాకు. నియమగిరి కొండల నుంచి డొంగ్రియా కొంధులు అనాసపళ్ళు, పసుపు తెచ్చేవారు. నాన్న వాళ్ళతో వాళ్ళ భాష కువీలో నాలుగు మాటలు, మిగతా బేరాలు ఒడియాలో, లెక్క మాత్రం తెలుగులో పలక మీద. పొద్దున షట్టర్ తీసే ముందు ఎన్ని పళ్ళు ఉన్నాయో రాసేవాడు. షట్టర్ మూసి ఉన్నంతసేపూ ఆ అంకె నిజం. తెరిచాక ముందు వైపు అన్న, వెనక గోడౌన్ దగ్గర నేను అమ్ముతుంటే పలక మీద అంకెను ఎంతసేపు నమ్మాలి? నాన్న ఒక బేరం సాగినంతసేపు నమ్మేవాడు. తర్వాత బేరానికి లేచి వెళ్ళి మళ్ళీ లెక్కపెట్టేవాడు.

నాన్‌స్టాప్‌లో జీడీబీ చేసేదీ అదే. మీరు టైప్ చేసే ప్రతి కమాండ్ మొదట్లో క్యాష్ మొత్తం చెరిపేస్తుంది. ఆ ఒక్క కమాండ్ నడిచినంతసేపే కొత్త నకలు ఉంటుంది. బ్యాక్‌ట్రేస్ త్వరగా వస్తుంది, తర్వాతి ప్రింట్‌కి మళ్ళీ బోర్డునే అడుగుతుంది. జీడీబీ సోర్స్‌లో ఇది రెండే లైన్లు. పైన కామెంట్‌లో కారణం కూడా రాసి ఉంటుంది: మిగతా థ్రెడ్లు నడుస్తుంటే క్యాష్ ఎప్పుడు పాతబడిందో మనం కనిపెట్టలేం అని. ఆ రెండు లైన్లంటే నాకు చాలా గౌరవం.

ఇంకో జాగ్రత్త ఉంది. జీడీబీ అన్నిటినీ క్యాష్ చేయదు. తనంతట తాను చేసేది స్టాక్‌నీ, కోడ్‌నీ మాత్రమే. కోడ్ సాధారణంగా మారదు. ఒకరి స్టాక్‌లో ఇంకొకరు రాయడం అరుదు. హీప్ (ప్రోగ్రామ్ అవసరమైనప్పుడు అడిగి తీసుకునే ఉమ్మడి మెమరీ), గ్లోబల్ వేరియబుల్స్ అలా కాదు, వాటిని అందరూ తాకుతారు. ఇక హార్డ్‌వేర్ రిజిస్టర్ల విషయం మరీ సున్నితం. చాలా మైక్రోకంట్రోలర్లలో సీరియల్ పోర్టు డేటా రిజిస్టర్‌ని చదివితే చాలు, వచ్చిన బైట్ అందులోంచి వెళ్ళిపోతుంది. పక్కన ఏదో కావాలని 64 బైట్లు లాగితే ప్రోగ్రామ్‌కి రావాల్సిన డేటాని డీబగ్గరే మింగేసినట్టు. అందుకే మెమరీలో ఏ భాగాన్నయినా క్యాష్ చేయమని మనం విడిగా చెప్పగలిగినా, ఆ ప్రాంతంలో ఏముందో తెలియకుండా చెప్పకండి.

మళ్ళీ మావాడి దగ్గరకు వద్దాం. ముందు "సెట్ స్టాక్ క్యాష్ ఆఫ్" కొట్టించాను. బ్యాక్‌ట్రేస్ నత్తలా నడిచింది. విలువ మాత్రం మళ్ళీ అలాగే మారింది. క్యాష్ లేకపోయినా మారిందంటే క్యాష్ తప్పు కాదు. 0 నిజమే, 17 కూడా నిజమే. మధ్యలో ఎవరో ఆగిన థ్రెడ్ స్టాక్‌లోకి వచ్చి రాసిపోయారు. అరుదు అనుకున్నది వీడి ప్రోగ్రామ్‌లో జరుగుతోంది.

ఒక్కసారి ఆలోచించండి. ప్రతి కమాండ్‌కీ నకలు చెరిపేయకుండా జీడీబీ పాతదే చూపిస్తూ ఉంటే ఎన్నిసార్లు ప్రింట్ కొట్టినా 0 వచ్చేది. అంతా బాగుందనుకుని వీడు ఇంకెక్కడో వెతుక్కునేవాడు.

దొంగను పట్టడానికి నాన్‌స్టాప్ వదిలేశాం. నడుస్తున్న సెషన్‌లో అది మార్చలేం, ప్రోగ్రామ్‌ని మళ్ళీ మొదలుపెట్టాలి. ఆ వేరియబుల్ అడ్రస్ మీద వాచ్‌పాయింట్ పెట్టాం, అక్కడ విలువ మారగానే ప్రోగ్రామ్‌ని ఆపేది అది. వాచ్ కమాండ్ పక్కన మైనస్ ఎల్ (-l) తప్పకుండా పెట్టండి. లేకపోతే ఆ ఫంక్షన్ ముగియగానే వాచ్‌పాయింట్ కూడా పోతుంది, మాకు కావాల్సింది ఆ తర్వాత జరిగేది. స్టాక్‌లో ఆ చోటుని అసలు యజమాని కూడా మాటిమాటికీ వాడుకుంటాడు కాబట్టి చివర థ్రెడ్ నంబరు కూడా ఇచ్చాం, మేం అనుమానించిన థ్రెడ్ రాసినప్పుడే ఆగేలా.

మొదట ఆగినవన్నీ సరైన రాతలే. దాదాపు గంట తర్వాత ఒకటి దొరికింది. మావాడి కోడ్‌లో ఒక థ్రెడ్ సెన్సర్ విలువ అడుగుతుంది, ఇంకో థ్రెడ్ జవాబు రాస్తుంది. జవాబు రాయాల్సిన చోటు అడిగిన ఫంక్షన్ స్టాక్ మీదే ఉంది, దాని పాయింటర్‌ని రెండో థ్రెడ్‌కి ఇచ్చాడు. అడిగినవాడు 2 సెకన్లు చూస్తాడు. అప్పటికీ జవాబు రాకపోతే ఫంక్షన్ నుంచి వెళ్ళిపోతాడు. సెన్సర్ ఆలస్యమైన రోజున జవాబు థ్రెడ్ తాపీగా వచ్చి, ఆ పాయింటర్ ఇంకా చెల్లుతుందనుకుని రాసేస్తుంది. అప్పటికి ఆ చోట వేరే ఫంక్షన్ లోకల్ వేరియబుల్ కూర్చుంది. అదే మనం ప్రింట్ చేసినది. 17 అంటే ఆలస్యంగా వచ్చిన సెన్సర్ జవాబు.

వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆ స్ట్రక్చర్‌ని హీప్ మీదకి మార్చి, ఇద్దరిలో ఆఖరున వదిలేవాడే ఫ్రీ చేసేలా ఒక కౌంట్ పెట్టాడు. ఆ రాత్రి మా ఇంట్లోనే ఉండి, స్నేహితుడికి ఫోన్ చేసి సెన్సర్ వైరు కావాలని పీకించి, పెట్టించి, జవాబులు ఆలస్యం చేయించాడు. పొద్దున నేను లేచేసరికి నాన్‌స్టాప్‌లో థ్రెడ్‌ని ఆపి, అదే వేరియబుల్‌ని ప్రింట్ మీద ప్రింట్ కొడుతున్నాడు. ప్రతిసారీ 0.