సౌండు లేదు సార్!

(మండల స్థాయి ఇంగ్లిష్ పఠన పోటీల బహుమతి సభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలందరికీ నమస్కారం. పేర్లు చదవను. ఎండ ముదురుతోంది, ముందు వరుస పిల్లలకు టెంటు నీడ అందడం లేదు. నాకిచ్చిన అంశం 'పోటీ ప్రపంచంలో ఇంగ్లిష్ ప్రాముఖ్యం'. రెండు పేజీలు రాసుకొచ్చాను కూడా...

ఏంటి బాబూ? సౌండు లేదా? ఇప్పుడో? ఆ, సరే.

'సౌండు లేదు సార్' అన్నాడు ఆ అబ్బాయి. పక్కవాళ్లు కిసుక్కున నవ్వారు. సౌండు అనకూడదట, సౌండ్ అనాలట. అయితే ఈ కాగితాలు జేబులోకే.

ఆ మాట కథ వినండి. లాటిన్‌లో సోనుస్. మన స్వనానికి దూరపు చుట్టం. ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి దిగింది. 1400లో పోయిన చాసర్ కవి రోజుల్లో దాన్ని 'సూన్' అనేవారు. చివర డకారం లేదు. తర్వాత ఎప్పుడో నకారం పక్కన డకారం వచ్చి కూర్చుంది. వ్యాకరణం చేర్చలేదు, నాలుక చేర్చింది. ఉరుముకీ అదే జరిగింది. పాత ఇంగ్లిష్‌లో 'థునోర్', ఇప్పుడు థండర్. జర్మన్లు ఈరోజుకీ మధ్యలో డకారం లేకుండా 'డోనర్' అనే అంటారు. ఇంగ్లిష్‌వాళ్లు డకారం తగిలిస్తే నిఘంటువుకెక్కింది. మనం బస్సుకి, కారుకి, సౌండుకి ఉకారం తగిలిస్తే మాత్రం పల్లెటూరి ఇంగ్లిష్!

పొద్దున పోటీలో ఏడో తరగతి అబ్బాయి ఒకడు తలుపు తట్టడాన్ని 'నాక్' అనకుండా 'క్నాక్' అని చదివాడు. హాలంతా గొల్లుమంది. వాడు ఆ తర్వాత పేరా ఎలా పూర్తిచేశాడో మీరు గమనించారో లేదో, నేను గమనించాను. గొంతు దిగిపోయింది. అయ్యా, ఒకప్పుడు ఇంగ్లండులో అందరూ ఆ కకారాన్ని పలికినవాళ్లే. 1476లో కాక్స్‌టన్ అనే ముద్రాపకుడు లండన్ పక్క వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టేనాటికి అది నోళ్లలోనే ఉంది. అచ్చులో రాత గట్టిపడింది, నోరు మాత్రం తన దారిన తాను పోయింది. మన కుర్రాడు తప్పు చదవలేదు, కొన్ని వందల ఏళ్లు ఆలస్యంగా చదివాడు.

నా సంగతీ చెప్పనివ్వండి. టైము చూసుకోకండి హెడ్మాస్టరుగారూ, ఇది మీ బడి గొడవ కాదు. తెలుగు మీడియంలో చదివి పట్నం కాలేజీలో చేరాను. మొదటి వారమే లేపి పాఠం చదవమన్నారు. అందులో ఎక్కిళ్ల మాట వచ్చింది. చివర జి, హెచ్. దగ్గుకి 'కాఫ్' అని నేర్చుకున్నాను కదా, అదే ధైర్యంతో 'హికాఫ్' అన్నాను. లెక్చరరుగారు పుస్తకం మూసి, 'మళ్లీ చెప్పు' అన్నారు. చెప్పాను. ఇంకోసారి. మూడుసార్లు చెప్పించి నవ్వించారు. మూడేళ్లూ కాలేజీలో నా పేరు హికాఫ్. ఆ మూడేళ్లూ నేను క్లాసులో మళ్లీ నోరు విప్పలేదు.

ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకి తెలిసింది. అసలు మాట 'హికప్'. ఎక్కిలి చప్పుడే ఆ మాట, మన 'ఎక్కిలి'లో చప్పుడు వినిపించడం లేదూ, అలాగే. పదిహేడో శతాబ్దంలో ఎవరో దానికీ దగ్గుకీ చుట్టరికం ఉందనుకుని దగ్గు స్పెల్లింగు తెచ్చి అతికించారు. పలకడం మాత్రం పాతదే. అంటే తప్పు రాసింది వాళ్లు, ఉన్నది ఉన్నట్టు చదివింది నేను! ఆ రోజు నాకెంత ఏడుపొచ్చిందో, అంత నవ్వొచ్చింది.

నాక్ అనే నేర్పండి, కాదనను. పరీక్షలో అదే అడుగుతారు. నవ్వకుండా నేర్పలేమా? లెక్కల మాస్టార్లు ఎక్కం తప్పు చెప్తే సరిదిద్దుతారు గానీ ఊరంతా కలిసి పేరు పెట్టరు కదా!

ఒక మాట దాచాను. పొద్దున జడ్జీల్లో నేనూ ఉన్నాను. ఆ అబ్బాయికి ఉచ్చారణ కింద రెండు మార్కులు కోశాను. చెయ్యి అలవాటు. కోశాక వాడి మొహం చూశాను.

హెడ్మాస్టరుగారూ, బహుమతులు ఇవ్వడం ఇంకా మొదలవలేదు కదా. ఆ మార్కుల షీటు ఒక్కసారి ఇలా ఇస్తారా? పెన్ను నా దగ్గర ఉంది.