నెగ్రిల్ తీరంలో ఇసుక ఎందుకు తరిగిపోతోంది?

[దృశ్యం: జమైకా పటం, పడమటి కొసన నెగ్రిల్]

నమస్కారం. జమైకా దీవి పడమటి కొసన ఉన్న నెగ్రిల్‌కు ఒకసారి వెళ్ళినవారిలో చాలామంది మళ్ళీ మళ్ళీ వెళ్తుంటారు. వెళ్ళిన ప్రతిసారీ ‘మునుపటిలా లేదు’ అనుకుంటూ తిరిగివస్తారు. ఆ మాటలో గతం మీది బెంగ కొంత ఉన్నా, నిజం పాలే ఎక్కువని నా అభిప్రాయం.

1970ల తొలినాళ్ళలో మాంటెగో బే నగరం నుంచి వచ్చే రోడ్డు బాగుపడేదాకా నెగ్రిల్ ఒక జాలరి పల్లె. అప్పట్లో వచ్చిన యువకులు ఊరివాళ్ళ ఇళ్ళలోనే గది అద్దెకు తీసుకుని, ఆ ఇంట్లో వండినది తినేవారు. ఆ దశాబ్దం మధ్యలో తొలి పెద్ద రిసార్ట్ వచ్చింది. గది, భోజనం, పానీయాలు, వినోదం అన్నింటికీ కలిపి ముందే సొమ్ము కట్టించుకునే పద్ధతి ఆ తర్వాత స్థిరపడింది. అన్నింటికీ ముందే చెల్లించిన అతిథికి గేటు దాటి బయట భోంచేయవలసిన అవసరం ఉండదు కనుక, రోడ్డు పక్కన జెర్క్ చికెన్ కాల్చి అమ్మేవారికీ పడవ నడిపేవారికీ దక్కే బేరం తగ్గుతుంది. 2000 తర్వాత, అప్పటిదాకా దాదాపు ఖాళీగా ఉన్న, నెగ్రిల్‌లోని బ్లడీ బే అనే అఖాతం ఒడ్డున వందలాది గదుల హోటళ్ళు లేచాయి.

[దృశ్యం: లోతు తక్కువ నీటిలో సముద్రపు గడ్డి]

అయితే అన్నిటికన్నా పెద్ద మార్పు ఇసుకలో జరిగింది. ఏడు మైళ్ళ బీచ్‌గా పేరుపడ్డ లాంగ్ బే ఇసుకలో ఎక్కువ భాగం సముద్రజీవుల నుంచి వచ్చినదే: సున్నపు కవచం కట్టుకునే నాచు, సముద్రపు గడ్డిని ఆశ్రయించి బతికే సూక్ష్మజీవులు, గవ్వలు, పగడాలు చనిపోయాక పొడిపొడిగా మారి ఒడ్డుకు చేరతాయి. ఆ గడ్డే అలల వేగాన్ని కూడా తగ్గిస్తుంది. కాళ్ళకు గడ్డి తగలడం అతిథులకు నచ్చదని దాన్ని పీకించివేసినచోట, ఇసుకను తయారుచేసేదీ కాపాడేదీ ఒకేసారి పోయినట్టే. తీరం 1960ల చివరి నుంచి ఏటా సగటున అర మీటరు నుంచి ఒక మీటరు దాకా వెనక్కు జరిగిందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2010లో వెలువరించిన అధ్యయనం తేల్చింది. ఇరవై ఏళ్ళ తర్వాత తిరిగివచ్చిన మనిషికి ఇంతటి మార్పు కంటికే తెలుస్తుంది.

నేరమంతా హోటళ్ళ మీదే మోపడం న్యాయం కాదు. 1983లో కరీబియన్ అంతటా పొడవాటి ముళ్ళ సీ అర్చిన్లు (నాచును మేసే, ముళ్ళ బంతుల్లాంటి సముద్రజీవులు) వ్యాధితో చనిపోయాయి. నాచును మేసే చేపలను కూడా జమైకా తీరంలో అప్పటికే మితిమీరి పట్టేయడం వల్ల, మేసేవి కరువై నాచు పగడాలను కప్పేసింది. మురుగునీరూ ఎరువులూ ఆ నాచుకు మరింత బలమిచ్చాయి. బీచ్ వెనుక ఉన్న గ్రేట్ మొరాస్ అనే విశాలమైన చిత్తడి నేల కొండల నుంచి వచ్చే నీటిని వడగట్టి సముద్రంలోకి వదిలేది. దానికి అడ్డంగా కాలువలు తవ్వి నీరు తోడేయడంతో ఆ పని కుంటుపడింది. 1988 నాటి గిల్బర్ట్ వంటి తుపానుల దెబ్బలు ఇలా బలహీనపడిన తీరం మీద పడుతూ వచ్చాయి.

[దృశ్యం: ఒడ్డుకు దూరంగా రాతి కట్టల నమూనా చిత్రం]

అలల ఉద్ధృతిని తగ్గించడానికి సముద్రంలో రాతి కట్టలు వేయాలని ప్రభుత్వం తలపెట్టినప్పుడు, 2014 ప్రాంతంలో స్థానిక హోటళ్ళ యజమానులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. కట్టలకు బదులు బీచ్‌కు ఇసుక నింపాలని కోరారు. చివరికి ఆ కట్టలు రాలేదు. బయటి నుంచి ఇసుక తెచ్చి పోసినా, గడ్డీ పగడాలూ కోలుకోకపోతే అది నిలవడం కష్టమని నేను భావిస్తాను.

మిగిలిన ఇసుక మీద ఎవరు నడవవచ్చన్నది మరో చిక్కు. వలస పాలనలో 1956లో వచ్చిన తీర నియంత్రణ చట్టం జమైకా ప్రజలకు బీచ్‌లోకి వెళ్ళే సాధారణ హక్కును ఇవ్వలేదు. రిసార్టులు పెరిగేకొద్దీ, జాలరులకూ స్థానిక కుటుంబాలకూ సముద్రం దాకా నడిచే దారులు పలుచోట్ల మూసుకుపోయాయి. ఆ చట్టాన్ని మార్చాలని ఉద్యమిస్తున్నవారు, దారుల కోసం ఇప్పుడు కోర్టుల్లోనూ పోరాడుతున్నారు.