పింఛను ఇస్తున్నాంగా అంటే సరిపోదు

గౌరవ శాసనసభ్యులకు నమస్కారం.

దివ్యాంగుల మాట ఎత్తగానే అందరూ పింఛను లెక్క చెబుతారు. 2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో నెలకు రూ.6,000, పూర్తిగా మంచానపడ్డవారికి రూ.15,000 ఇస్తున్న మాట నిజమే. ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛను పథకం కింద కేంద్రం ఇచ్చేది 80 శాతం వైకల్యం ఉన్న పేదలకు మాత్రమే. ఎనభై ఏళ్లలోపు వారికి అది రూ.300, 2012 నుంచి పైసా పెరగలేదు. బరువు రాష్ట్రమే మోస్తోందని ఒప్పుకుంటాం. అయితే పింఛను ఒక్క నెల ఆగితే ఊరంతా నిలదీస్తుంది. అందుకే కోత అక్కడ పడదు, ఎవరూ అడగని చిన్న పద్దుల మీద పడుతుంది.

అదెలా పడుతుందో చూడండి. బడ్జెట్ పుస్తకంలో అంకె చెక్కుచెదరదు. విడుదల ఉత్తర్వు మాత్రం ఆలస్యమవుతుంది. వచ్చాక బిల్లు ఖజానాలో ఆగుతుంది. మార్చి 31 దాటగానే డబ్బు మురిగిపోతుంది. మరుసటి ఏడు ‘నిరుడు ఖర్చే కాలేదు కదా’ అని కేటాయింపు తగ్గిస్తారు. ఖర్చు చేయనివ్వనిదీ, ఖర్చు కాలేదని కోత పెట్టేదీ ఒకే ప్రభుత్వం!

ఆరు నెలలు సేవ ఆపితే ఆరు నెలల డబ్బు మిగిలిందనుకుంటారు. మిగలదు. వంకర పాదంతో పుట్టిన బిడ్డనే తీసుకోండి. వారానికొకటి చొప్పున ఐదారు పిండికట్లు వేస్తారు, చాలామందికి మడమ వెనక స్నాయువును చిన్న కోతతో వదులు చేస్తారు. పాదం తిన్నగా వస్తుంది. తర్వాత పట్టీ బిగించిన బూట్లు మూడు నెలలపాటు రోజుకు 23 గంటలు, ఆపైన నాలుగేళ్ల వయసు దాకా రాత్రిళ్లు వేయాలి. పాదం పెరిగేకొద్దీ బూటు సైజు మారాలి. ఆ బూట్ల సరఫరా ఆగితే పాదం మళ్లీ వంకరపోతుంది, కట్లు మొదటికొస్తాయి. ఒక్కోసారి పెద్ద ఆపరేషనే గతి.

వినికిడి యంత్రం సంగతీ అంతే. పంపిణీ రోజున ఫొటో పడుతుంది, ఆ తర్వాత ఖర్చు ఎవరి పద్దులోనూ ఉండదు. పసిపిల్లల చెవి త్వరగా పెరుగుతుంది కాబట్టి చెవి అచ్చును మూడు నుంచి ఆరు నెలలకోసారి మార్చాలి. అచ్చు వదులైతే యంత్రం కీచుమంటుంది, బిడ్డ పీకి పారేస్తుంది. చెవి వెనక పెట్టే యంత్రంలో చిన్న బిళ్ల బ్యాటరీ ఒకటి రెండు వారాలే వస్తుంది. అంటే రెండు చెవులకూ నెలకు నాలుగు నుంచి ఎనిమిది కావాలి. వాటికి డబ్బు లేక యంత్రం అటకెక్కితే, మాటలు నేర్చే వయసు కాస్తా దాటిపోతుంది.

దివ్యాంగ పిల్లలకు చదువు, ఫిజియోథెరపీ అందించే మండలాల్లోని భవిత కేంద్రాలు సమగ్ర శిక్ష అనే పాఠశాల విద్యా పథకం కింద నడుస్తాయి. ప్రతి రూ.100 ఖర్చులో కేంద్ర ప్రభుత్వానిది రూ.60, రాష్ట్రానిది రూ.40. మన రూ.40 సకాలంలో జమకాకపోతే ఢిల్లీ నుంచి రావలసిన తర్వాతి విడత కూడా ఆగుతుంది. పొదుపు పేరుతో వంద పోగొట్టుకోవడమన్నమాట. అక్కడ పిల్లలకు పాఠం చెప్పే సహిత విద్య రిసోర్సు పర్సన్లు కాంట్రాక్టు మీద ఉన్నవారు. జీతం ఆలస్యమైతే వేరే పని చూసుకుంటారు. ఫిజియోథెరపీ ఆగితే సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పే స్థితి) ఉన్న పిల్లల మోకాలి వెనక కండరాలు బిగుసుకుపోతాయి. అన్నిటికన్నా ముందు ఆగేది రవాణా భత్యం, చూడటానికి అల్పమైన మొత్తం. ఆటోకి డబ్బు లేక తల్లి బిడ్డను తీసుకురాదు, హాజరు పడిపోతుంది, హాజరు లేదు కాబట్టి ఆ భవిత కేంద్రమే అనవసరమని ఫైలు రాస్తారు.

వైకల్య శాతాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ల పునఃపరిశీలన గురించి ఒక్క మాట. అనర్హులను ఏరివేయడాన్ని ఎవరూ తప్పుపట్టరు. అయితే పాతవారిని మళ్లీ పరీక్షించేదీ, కొత్తవారికి సర్టిఫికెట్ ఇచ్చేదీ అవే ఆసుపత్రుల్లోని ఎముకలు, కళ్లు, ఈఎన్‌టీ, మానసిక వైద్యులే. తనిఖీ ముమ్మరమైతే కొత్త దరఖాస్తుల స్లాట్లు తగ్గుతాయి. అర్హతకు 40 శాతం గీత ఉన్నప్పుడు 39 వచ్చిన మనిషికి అప్పీలు తేలేదాకా చెల్లింపు ఆపకూడదు.

కేటాయింపులకు ఆధారం 2011 జనగణన. ఉమ్మడి రాష్ట్రంలో దివ్యాంగులు సుమారు 22.67 లక్షల మంది అని అది చెప్పింది. అప్పట్లో అడిగిన వైకల్య రకాలు ఎనిమిదే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది. ఆటిజం, కండరాల క్షీణత, తలసేమియా ఉన్నవారిని ఆనాడు విడిగా లెక్కించనే లేదు. అదే చట్టం 24వ సెక్షన్ ప్రకారం దివ్యాంగులకిచ్చే సాయం ఇతరులకిచ్చే అలాంటి పథకాల కన్నా కనీసం 25 శాతం ఎక్కువ ఉండాలి. పింఛనులో పాటిస్తున్నాం. మిగతా పథకాల్లో ఎక్కడ పాటిస్తున్నారో శాఖలవారీగా అడగండి.

పద్దులపై చర్చ వచ్చినప్పుడు కేటాయింపు ఎంత అని అడిగి ఊరుకోకండి. డిసెంబరు నాటికి విడుదలైందెంత, ఖజానాలో ఆగిన బిల్లులెన్ని, భవిత కేంద్రాల్లో ఖాళీలెన్ని, పంచిన యంత్రాల మరమ్మతుకు ఏ ఉపపద్దు కింద డబ్బుంది అని రాతపూర్వకంగా అడగండి. జవాబు దాటవేస్తే ఆ పద్దులో నామమాత్రంగా రూ.100 తగ్గించాలనే కోత తీర్మానానికి నోటీసివ్వండి. అది నెగ్గాల్సిన పనిలేదు. చర్చకు వస్తే మంత్రి అంకెలతో లేచి నిలబడాల్సి వస్తుంది, ఆ అంకెలు సభ రికార్డులోకి ఎక్కుతాయి.