హై ఎల్బో గిలటీన్ రివ్యూ: లాగడం మానేస్తేనే పడుతుంది

అందరికీ నమస్తే. ఫ్రంట్ హెడ్‌లాక్ సిరీస్‌లో, అంటే జియు-జిట్సులో అవతలివాడి తలని ముందునుంచి పట్టే పట్టుల సిరీస్‌లో, ఈసారి హై ఎల్బో గిలటీన్ అనే చోక్, అంటే మెడ నొక్కే పట్టు. ఏ చెయ్యి పైన, ఏ చెయ్యి కింద, వేళ్లు ఎలా పట్టుకోవాలి... ఇవన్నీ చూపించే వీడియోలు బోలెడున్నాయి. మీలో చాలామంది అవి చూసేసే ఇక్కడికి వచ్చి ఉంటారు. కాబట్టి స్టెప్పులు మళ్లీ మొదటినుంచి చెప్పను. రోజూ మ్యాట్ మీద వాడేవాడికి ఇది ఎలా ఉంటుంది, ఎక్కడ చికాకు పెడుతుంది, అది మాట్లాడుకుందాం.

ఒక విషయం ముందే చెప్పేస్తున్నా. నేను వేసుకున్న ఈ ఫుల్ హ్యాండ్స్ ర్యాష్‌గార్డ్ (ప్రాక్టీసులో వేసుకునే, ఒంటికి అతుక్కునే టీషర్టు) ఫ్రీగా వచ్చింది. వీడియోలో చూపించమన్నారు, చూపించాను, లింక్ కింద ఉంది. దాని గురించి కూడా మాట్లాడతా, వాళ్లకి నచ్చినా నచ్చకపోయినా.

సరే, మోచెయ్యి. ఈ వీడియో అంతా మోచెయ్యి గురించే అనుకోండి.

మామూలు గిలటీన్‌లో అవతలివాడి తల మన చంక కిందికి వస్తుంది. ఒక చెయ్యి మెడ చుట్టూ వేస్తాం, రెండో చేత్తో దాన్ని పట్టుకుని పైకి లాగుతాం. లాగేకొద్దీ మన ముంజేతులు మండిపోతుంటాయి. వాడు మాత్రం గడ్డం దించుకుని, రెండు చేతులతో మన మణికట్టు పట్టుకుని, మనం ఎప్పుడు అలిసిపోతామా అని ఎదురుచూస్తుంటాడు. అలిసిపోగానే తల తీసేసుకుని బయటపడతాడు. కొత్తగా చేరినవాళ్లలో సగం మంది గిలటీన్ నాకు పడదు అని వదిలేసేది ఇక్కడే.

హై ఎల్బోలో మెడ పట్టిన చెయ్యి అలాగే ఉంటుంది. మారేది రెండో చెయ్యి. దాని మోచెయ్యి కిందికి వేలాడకుండా అవతలివాడి భుజం మీదికి ఎక్కుతుంది. మన చంక వాడి భుజానికి పైన మూతలా పడుతుంది. ఇక ఆ భుజం లేవదు. ఆ పక్కకి తిరిగి తల తీసుకుందామంటే దారి ఉండదు. ఆ పక్క చెయ్యి మన మణికట్టు దాకా వచ్చినా లాగడానికి బలం చాలదు. అంటే రెండు చేతులతో ఆపుకోవాల్సినవాడు ఒక్క చేత్తో ఆపుకోవాల్సి వస్తుంది. అంత చిన్న మార్పుకి ఇంత తేడా వస్తుందని నేను చెబితే నమ్మకండి, ఈరోజు సాయంత్రం క్లాసులో ఎవరిమీదైనా మోచెయ్యి దించి ఒకసారి, ఎక్కించి ఒకసారి పట్టి చూడండి.

ఇంకొకటి. మోచెయ్యి పైకి ఎక్కాక లాగాల్సిన పనే ఉండదు. నడుముతో వెనక్కి వాలిపోయి లాగేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మీరు వెనక్కి వాలారంటే అవతలివాడి తలకీ మీ ఛాతీకీ మధ్య ఖాళీ ఇచ్చినట్టే. ఒక పక్కకి ఒరగండి, ఛాతీ ముందుకి ముడవండి, మెడ పట్టిన చేతి మోచేతిని మీ పక్కటెముకల వైపు తెచ్చుకోండి, పై కాలు వాడి నడుం మీద వేసి దొర్లకుండా ఆపండి. అంతే. సరిగ్గా పడితే మెడకి రెండువైపులా మెదడుకి రక్తం తీసుకెళ్లే నాళాలు నొక్కుకుంటాయి. పది సెకన్లలోపే స్పృహ పోవచ్చు, కాబట్టి పార్ట్‌నర్ ట్యాప్ చెయ్యగానే (ఇక చాలని చేత్తో తట్టగానే) వదలండి, వాడి చేతులు ఉన్నట్టుండి మెత్తబడినా వదలండి. సరిగ్గా పడకపోతే ముంజేతి ఎముక గొంతు మీద పడుతుంది. మర్నాడు ఇడ్లీ మింగడానికి కూడా కష్టపడతాడు పాపం. బలం ఉన్నవాళ్లు ఈ రెండో రకంతో కూడా ట్యాప్ చేయించుకుని, టెక్నిక్ వచ్చేసిందనుకుంటారు.

దీన్ని మార్సెలోటీన్ అని కూడా అంటారని మీకు తెలుసు. బ్రెజిల్‌కి చెందిన మార్సెలో గార్సియా వల్ల ఇది ప్రపంచానికి తెలిసింది. 2003, 2005, 2007, 2011లో ఏడీసీసీ (గ్రాప్లింగ్‌లో పెద్ద అంతర్జాతీయ టోర్నీ) టైటిళ్లు, అన్నీ 77 కిలోల క్లాసులోనే. మనిషి పొడగరి కాదు, చేతులూ పొడుగు కాదు. అయినా బరువు పరిమితి లేని ఆబ్సల్యూట్‌లో కూడా దిగేవాడు. తనకంటే చాలా పెద్దవాళ్ల మీద పనిచెయ్యని పట్టు మీద టైం పెట్టేవాడు కాదు, కిమురాని (భుజం మెలిపెట్టే పట్టుని) పక్కన పెట్టేసింది కూడా అందుకే. నాకు ఈ చోక్ మీద ఉన్న ప్రేమకి కారణం ఇదే. చేతుల పొడుగు అడగదు.

పోలికకి యూఎఫ్‌సీ (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ సంస్థ) ఫైటర్ జోన్ జోన్స్‌ని తీసుకోండి. 2011లో టొరంటోలో ల్యోటో మచీడాని నిలబెట్టే గిలటీన్ వేశాడు, వదలగానే మచీడా ముందుకి కుప్పకూలిపోయాడు. అద్భుతం. కానీ జోన్స్ రీచ్ (రెండు చేతులూ చాచినప్పటి పొడవు) 84 అంగుళాల పైమాటే. ఆ వీడియో చూసి మనం అదే చేద్దామనుకుంటే ఎలా?

మెడతో పాటు ఒక చెయ్యి కూడా కలిపి బిగించే డార్స్ చోక్ సంగతీ అంతే. 2024లో ఇస్లాం మఖాచెవ్ ఐదో రౌండులో డస్టిన్ పోరియేని దాంతోనే ఆపాడు, చూడ్డానికి ఎంత బాగుంటుందో. నా చేతులతో ఆ పట్టు కలవాలంటే అవతలివాడు పదో తరగతి కుర్రాడై ఉండాలి. అదే రకం అనకొండ చోక్ కాస్త నయం, ప్రైడ్ (జపాన్ ఫైటింగ్ సంస్థ) రోజుల్లో ఫైటర్ నొగేరా దాన్ని వాడిన తీరు ఇప్పటికీ చూస్తుంటాను, కానీ దానికి దొర్లాలి, చిన్న మ్యాట్ మీద పక్కనున్నవాళ్ల కాళ్ల మీద పడతాం. తమాషా ఏంటంటే, 2007 ఏడీసీసీ ఆబ్సల్యూట్ ఫైనల్లో మార్సెలోని రాబర్ట్ డ్రైస్‌డేల్ ఓడించింది డార్స్‌తోనే. ఇదే ఫ్రంట్ హెడ్‌లాక్ కుటుంబం.

ఆర్మ్-ఇన్ గిలటీన్ అభిమానులు కామెంట్లలో తిట్టుకోండి, నాకు అది నచ్చదు. అవతలివాడి చెయ్యి లోపల ఉంటే వాడికి ఊపిరి తీసుకునే సందు దొరుకుతూనే ఉంటుంది.

ఇక ర్యాష్‌గార్డ్. ఫుల్ హ్యాండ్స్ వల్ల లాభం ఉంది. చెమట పట్టిన చర్మం మీద చర్మం జారుతుంది, హైదరాబాద్ మే నెలలో ఏసీ లేని హాల్లో పట్టు నిలబడటమే గగనం. గుడ్డ ఉంటే భుజం మీదికి ఎక్కిన మోచెయ్యి అక్కడే ఆగుతుంది. ఇదంతా బాగుంది. కానీ కరెక్టుగా మణికట్టు పైన, గొంతుకి తగిలే చోట, ఇంత మందంగా రబ్బరు లోగో ఎవరు పెట్టమన్నారు? నా పార్ట్‌నర్ మెడ మీద కంపెనీ పేరు అచ్చు పడుతోంది. వాడు ట్యాప్ చేసేది చోక్‌కా, లోగోకా నాకు అర్థం కావట్లేదు. కుట్లు గట్టిగా ఉన్నాయి, రంగు పోలేదు, సైజు సరిపోయింది. ఆ లోగో తీసేసే దాకా కొనమని మాత్రం చెప్పను. ఫ్రీగా ఇచ్చారు కదా అని అబద్ధం చెప్పలేను.

చోక్‌లో లోపాలు లేవా అంటే, ఉన్నాయి. కుస్తీ నుంచి వచ్చినవాళ్ల మెడలతో జాగ్రత్త. మా దగ్గరికి తాలీం (కుస్తీ నేర్పే చోటు) నుంచి వచ్చే ఒకాయన ఉన్నారు. కాళ్లకోసం దూసుకొస్తూ తల మన చంకలోనే పెడతారు, గిలటీన్‌కి పిలిచి కూర్చోబెట్టినట్టే. కానీ ఆ మెడ కింద చెయ్యి దూర్చడానికే ప్రాణం పోతుంది. దూరినా, మోచెయ్యి ఎక్కించేలోపు ఆయన మన గార్డ్ (కాళ్లతో పెట్టే అడ్డు) దాటి పక్కకి వచ్చేస్తారు. అప్పుడు వదిలెయ్యండి. పట్టు వదలకుండా వేలాడితే వాన్ ఫ్లూ చోక్ పడుతుంది, మన పట్టునే ఆసరా చేసుకుని భుజంతో మన మెడనే నొక్కేస్తారు. 2006లో జేసన్ వాన్ ఫ్లూ యూఎఫ్‌సీలో చేసింది అదే. తర్వాత ఓవిన్స్ సెయింట్ ప్రూ దాంతో గెలిచిన ఫైట్లు చూస్తే, గిలటీన్ వదలని మొండివాళ్లు ఎంతమంది ఉన్నారో తెలుస్తుంది.

రేటింగ్ అడుగుతారు కాబట్టి చెబుతున్నా. పొట్టి చేతులవాళ్లకి, నో-గీ (కిమోనో లేకుండా చేసే జియు-జిట్సు) మొదలుపెట్టి కొన్ని నెలలైనవాళ్లకి, ఫ్రంట్ హెడ్‌లాక్‌లో ఒక్కటే నేర్చుకునే ఓపిక ఉంటే ఇదే నేర్చుకోండి. చేతులు పొడుగున్నవాళ్లు, మీకు డార్స్ ఉంది, వెళ్లి అది చూసుకోండి.

వచ్చే వీడియో డార్స్ మీదే. దానికి పొడుగు చేతులున్న మా ఫ్రెండ్‌ని కూర్చోబెడతా, నావల్ల అయ్యే పని కాదు. ర్యాష్‌గార్డ్ కంపెనీవాళ్లు ఈ వీడియో చూస్తుంటే, ఆ లోగో వీపు మీదికి మార్చండి సార్, అక్కడైతే ఎవరికీ గుచ్చుకోదు.