కుందేలు చిన్న సైజు కుక్క కాదు

అందరికీ నమస్కారం. తిరుపతిలో వెటర్నరీ కాలేజీ 1955లోనే వచ్చింది, కాబట్టి ఆవులు, గేదెల వైద్యం ఈ ఊరికి కొత్త కాదు. ఇప్పుడేమో క్లినిక్ తలుపు తీస్తే కూరగాయల బుట్టలో కుందేలు, చెప్పుల డబ్బాలో గినీపిగ్!

ముందు నా తప్పు చెప్పుకుంటాను. మొదటిసారి కుందేలుకు ఆపరేషన్ చేసినప్పుడు, కుక్కకు చెప్పినట్టే రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దన్నాను. మత్తులో వాంతి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోకూడదని కుక్కను పస్తుంచుతాం, కానీ కుందేలుకు అసలు వాంతే రాదు, పైగా దాని పేగు కదలడం ఆగితే ప్రాణం మీదికొస్తుంది. ఆపరేషన్ బాగానే అయింది. మర్నాడు ఆ కుందేలును పెంచే పిల్లాడి నాన్న పంజరం కింద పరిచిన పేపరు మడిచి తెచ్చి నా టేబుల్ మీద విప్పాడు, "చూడండి సార్, ఒక్క పెంటిక కూడా లేదు" అని. రెండు రోజులు సిరంజితో మేత పట్టిస్తే బతికింది. నా గొప్పేం లేదు.

ఆ తర్వాతే చదవడం మొదలుపెట్టాను. బ్రిటన్‌లో చేసిన పెద్ద అధ్యయనం ఒకటి 2008లో వచ్చింది. మత్తు వల్ల చనిపోయేవి కుక్కల్లో దాదాపు 600కి ఒకటైతే, కుందేళ్లలో 72కి ఒకటి. అలా పోయిన కుందేళ్లలో సగానికి పైగా చనిపోయింది ఆపరేషన్ అయ్యాకే, అంటే మనం చేతులు కడుక్కుని టీ తాగడానికి వెళ్లిన టైములో అన్నమాట.

డోసుల సంగతీ అంతే. మెలాక్సికామ్ అనే నొప్పి మందు కుక్కకు రోజూ కిలోకి 0.1 మిల్లీగ్రాములు చాలు. కుందేళ్ల రక్తంలో మందు ఎంత ఉందో కొలిచి చూస్తే వాటికి కిలోకి 1 మిల్లీగ్రాము దాకా కావాల్సి వచ్చింది. చిన్న జంతువు కదా అని తగ్గించి ఇచ్చిన మనం నొప్పిని అలాగే వదిలేశాం. అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ సిరప్ కథ దీనికి తిరగేసి ఉంటుంది, పిల్లలకు వేసేదే కదా అని నోట్లో పోస్తే పేగులోని మంచి బాక్టీరియా పోయి కుందేలైనా గినీపిగ్ అయినా చచ్చిపోవచ్చు. గినీపిగ్ మనలాగే విటమిన్ సి తయారు చేసుకోలేదు. దానికి ఖరీదైన చుక్కల మందు అక్కర్లేదు, మన జామకాయ ముక్క రోజూ పెట్టండి, అసలు మేత మాత్రం గడ్డే.

"నా అనుభవంలో ఈ మందు బాగా పనిచేస్తుంది" అని నేనూ చాలాసార్లు అన్నాను. మళ్లీ రాలేదంటే తగ్గిపోయిందనుకునేవాణ్ణి. ఒక ఆదివారం పాత నోటుబుక్ ముందేసుకుని వరసగా ఫోన్లు చేస్తే తెలిసింది, రాని వాటిలో కొన్ని చనిపోయాయి, ఇంట్లోవాళ్లు ఆ మాట చెప్పడానికి మళ్లీ రావడమెందుకని ఊరుకున్నారు. నా అనుభవంలో అవి లేవు!

అందుకే ఇక్కడున్న స్టూడెంట్స్‌ని ఒకటే అడుగుతున్నా. వంటింట్లో వాడే గ్రాముల త్రాసు ఒకటి కొనండి, ప్రతి జంతువునూ తూచండి, ఇచ్చిన డోసు రాయండి, వారం తర్వాత ఫోన్ చేయండి. చనిపోయిందని చెప్తే అదీ రాయండి, ఎర్ర పెన్నుతో కాదు, మిగతావి రాసిన పెన్నుతోనే.